విమానం కంటే ముందు రేడియో

నమూనా విమానాన్ని నేల మీద నిలబడి నడిపించే ట్రాన్స్‌మిటర్‌ను ఈ అభిరుచి ఉన్నవాళ్లు క్లుప్తంగా రేడియో అంటారు. దాని మీద రెండు స్టిక్కులు, కొన్ని స్విచ్చులు, చిన్న తెర ఉంటాయి. స్టిక్కును కదిపితే ఆ కదలిక అంకెలుగా మారి, రేడియో తరంగాల మీద విమానంలోని రిసీవర్‌కు చేరుతుంది. ఏ సర్వో మోటారుకు ఏ ఆజ్ఞ వచ్చిందో రిసీవర్ విడదీసి పంపుతుంది. ఆ ఆజ్ఞ ఒక చిన్న విద్యుత్ స్పందన. దాని నిడివి ఒక మిల్లీసెకను అయితే సర్వో చెయ్యి ఒక కొసకు, రెండయితే రెండో కొసకు, ఒకటిన్నర అయితే నడిమికి తిరుగుతుంది. సాధారణ సర్వోలకు సెకనుకు యాభై సార్లు ఇలా అందుతుంది కాబట్టి చేతికీ రెక్కకీ మధ్య ఆలస్యం కంటికి తెలియదు.

కొత్తగా మొదలుపెట్టేవారు చాలాసార్లు డబ్బంతా అందమైన విమానం మీద పెట్టి, మిగిలినదానితో రేడియో కొంటారు. ఆ లెక్క తిరగబడాలి. మొదటి విమానం ఫోమ్‌దైనా బాల్సా చెక్కదైనా నేర్చుకునే రోజుల్లో పలుమార్లు నేలకు కొట్టుకుంటుంది. అతుకులతో కొన్నాళ్లు ఎగిరి, చివరికి అటకెక్కుతుంది. రేడియో మాత్రం చేతిలోనే ఉంటుంది. రెండో విమానానికీ ఐదో విమానానికీ అదే పనికొస్తుంది.

దుకాణంలో మొదట వినిపించే మాట ఛానళ్ల సంఖ్య. ఒక్కో ఛానల్ ఒక్కో పనిని నడుపుతుంది. మోటారు వేగానికి థ్రాటిల్, ముక్కు పైకీ కిందికీ ఎత్తడానికి ఎలివేటర్, రెక్కలు ఒరగడానికి ఎయిలెరాన్, తోకను పక్కలకు తిప్పడానికి రడ్డర్: పూర్తి విమానానికి ఈ నాలుగూ కావాలి. ఎయిలెరాన్ లేకుండా మూడు ఛానళ్లతో ఎగిరే శిక్షణ విమానాలూ ఉన్నాయి. వాటిలో రడ్డర్‌ను కుడి స్టిక్కుకే కలుపుకోవడం మంచిది. తర్వాత ఎయిలెరాన్ వచ్చినప్పుడు వేళ్లు కొత్తగా నేర్చుకోవలసింది ఉండదు. అయిదో ఛానల్ ఇప్పుడు దాదాపు తప్పనిసరి. నేటి శిక్షణ విమానాలు చాలావాటిలో గాల్లో ఒరిగినప్పుడు తిరిగి నిటారు చేసే స్థిరీకరణ పరికరం ఉంటుంది, దాన్ని వెయ్యడానికీ తియ్యడానికీ ఒక స్విచ్చు కావాలి. ఆరో ఛానల్ ఫ్లాపులకు ఉపయోగపడుతుంది. ఆరు ఛానళ్ల రేడియోతో ఏళ్ల తరబడి హాయిగా ఎగరవేయవచ్చు. పదహారు ఛానళ్లున్నాయని ఎక్కువ ఖర్చు పెట్టనవసరం లేదు.

ఛానళ్ల కంటే ముందు తేలాల్సింది మోడ్. మోడ్ 2లో థ్రాటిల్, రడ్డర్ ఎడమ స్టిక్కు మీద, ఎలివేటర్, ఎయిలెరాన్ కుడి స్టిక్కు మీద ఉంటాయి. మోడ్ 1లో ఎలివేటర్ ఎడమకూ, థ్రాటిల్ కుడికీ మారతాయి. జపాన్‌లో మోడ్ 1 వాడేవారు ఎక్కువ, అమెరికాలో మోడ్ 2. మన దగ్గరా ఎక్కువగా కనిపించేది రెండోదే. ఏది మెరుగన్న చర్చకు అంతు లేదు, ఆ చర్చలో కొత్తవాళ్లు దిగనక్కర్లేదు. నేర్పేవాళ్లు ఏ మోడ్‌లో ఎగరవేస్తారో అదే తీసుకోవాలి. విమానం చెయ్యి దాటి నేలకు దూసుకొస్తున్న క్షణంలో గురువు రేడియో అందుకుంటే, ఆయన వేళ్లకు అలవాటైన చోట ఎలివేటర్ ఉండాలి. లేకపోతే ఆ సాయం పనికిరాదు. మెనూలో మోడ్ మార్చుకునే వీలున్న రేడియోల్లో కూడా స్ప్రింగును ఒక స్టిక్కు నుంచి రెండో దానికి విడిగా మార్చాల్సి ఉంటుంది. థ్రాటిల్ స్టిక్కు పెట్టిన చోటే నిలవాలి, మిగతావి వదిలితే నడిమికి రావాలి.

ఒకప్పుడు ఈ రేడియోలు అమెరికాలో 72, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ పట్టీల్లో పనిచేసేవి. ఒక్కో రేడియోకు ఒక క్రిస్టల్, ఒక స్థిరమైన ఛానల్ (ఇక్కడ ఛానల్ అంటే ఫ్రీక్వెన్సీ). ఒకే ఛానల్ మీద ఇద్దరు ఒకేసారి స్విచ్చు వేస్తే ఒకరి విమానం కూలిపోయినట్టే. అందుకే క్లబ్బు మైదానాల్లో ఒక బోర్డుకు ఛానల్ నంబర్లున్న క్లిప్పులు పెట్టేవారు. తన నంబరు క్లిప్పు చేతిలో ఉన్నవారే రేడియో వెయ్యాలి. 2000ల దశకం మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ వచ్చాక ఆ బెడద తీరింది. ఈ రేడియోలు తమ సంకేతాన్ని పట్టీ అంతటా పరుస్తాయి. నేటివాటిలో ఎక్కువ భాగం సెకనుకు ఎన్నోసార్లు ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరోదానికి గెంతుతూ ఉంటాయి. ఏ గెంతు ఎప్పుడో జతకట్టిన రిసీవర్‌కే తెలుసు. గెంతే ఫ్రీక్వెన్సీల ఆలోచనకు హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ 1942లోనే అమెరికాలో పేటెంట్ పొందారు. వాళ్లు తలపెట్టింది రేడియోతో నడిచే టార్పెడోకు శత్రువు అడ్డుతగలకుండా చెయ్యడం.

మన దేశంలో 2005 జనవరి నుంచి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలోని బంధువుల చేత రేడియో తెప్పించుకునేవారు ఒక్క విషయం చూసుకోవాలి. అక్కడ 915 అని రాసి ఉండే రేడియో మాడ్యూళ్లు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. ఇక్కడ అది స్వేచ్ఛగా వాడుకునే పట్టీ కాదు, అందులో కొంత మొబైల్ ఫోన్లది. 2.4 అని రాసి ఉన్నదే తెప్పించుకోవాలి.

పట్టీ ఒకటే అయినా భాషలు వేరు. స్పెక్ట్రమ్ రేడియోలకు డీఎస్‌ఎమ్‌ఎక్స్, ఫ్లైస్కైకి ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, ఫుటాబాకు ఫాస్ట్ వంటివి: ఒకదాని రిసీవర్‌కు మరోదాని మాట అర్థం కాదు. కాబట్టి రేడియో ఎంపిక అంటే ఇక మీద కొనబోయే రిసీవర్లన్నిటి ఎంపిక కూడా. కొన్నాళ్లకు రేడియో ఒక్కటే ఉంటుంది, విమానానికొకటి చొప్పున రిసీవర్లు నాలుగైదు అవుతాయి. అసలు ఖర్చు అక్కడుంది. రిసీవర్ ధర ఎంత, దగ్గర్లో దొరుకుతుందా, మైదానంలో తోటివాళ్లు ఏది వాడుతున్నారు అని ముందే అడిగి తెలుసుకోవాలి. రిసీవర్‌తో సహా వచ్చే విమానం కొనాలనుకుంటే రేడియో ఆ భాషే మాట్లాడాలి. రేడియోమాస్టర్ వంటి కంపెనీలు అమ్మే మల్టీ ప్రోటోకాల్ రేడియోలు అనేక భాషలు మాట్లాడతాయి.

రేడియోలో తప్పక ఉండాల్సిన సౌకర్యాలు కొన్నే. ప్రతి విమానం సెట్టింగులూ విడిగా దాచుకునే మోడల్ మెమరీ వాటిలో మొదటిది. సర్వో దిశ తిప్పుకునే వీలుండాలి. డ్యూయల్ రేట్ ఒక స్విచ్చుతో రెక్కల కదలికను తగ్గిస్తుంది. ఎక్స్‌పో స్టిక్కు నడిమి భాగాన్ని మెత్తబరుస్తుంది, కొత్త చేతి వణుకు విమానానికి అంతగా తెలియదు. ఫుటాబాలో ఈ మెత్తదనానికి మైనస్ అంకె, స్పెక్ట్రమ్‌లో ప్లస్ అంకె పెట్టాలి. వేరే రేడియో నుంచి అంకెలు ఎత్తి రాసుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. అన్నిటికంటే ముఖ్యమైంది ఫెయిల్‌సేఫ్. సంకేతం తెగిపోతే మోటారు ఆగిపోవాలి. దాన్ని సరిగ్గా పెట్టకపోతే పూర్తి వేగంలో ఉన్న విమానం ఎవరి మీదికైనా వెళ్లవచ్చు. ప్రొపెల్లర్ తీసేసి, రేడియో ఆపి, మోటారు ఆగుతుందో లేదో ఇంట్లోనే చూడాలి.

కంప్యూటర్ సిమ్యులేటర్‌కు కలిసే రేడియో కొత్తవాళ్ల డబ్బును నిజంగా ఆదా చేస్తుంది. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు కనిపిస్తాయి. కిందికి ఒరిగిన రెక్క వైపుకే స్టిక్కు నెట్టాలన్న కిటుకు తెర మీద వందసార్లు కూల్చుకుంటే వంటబడుతుంది. ఇద్దరి రేడియోలను కలిపి, శిష్యుడికి అదుపు ఇచ్చే స్విచ్చు గురువు చేతిలో ఉంచే ట్రైనర్ కేబుల్ సౌకర్యం కూడా ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ ఉన్న చవకైన రేడియోల్లో బాగా తెలిసింది ఫ్లైస్కై ఎఫ్‌ఎస్ ఐ6. దానికి ఆరు ఛానళ్లు, ఇరవై విమానాల మెమరీ ఉన్నాయి, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. 2023లో వచ్చిన రేడియోమాస్టర్ పాకెట్ చిన్నది. స్టిక్కులు ఊడదీసి సంచిలో వేసుకోవచ్చు, యూఎస్‌బీ తీగతో నేరుగా సిమ్యులేటర్‌కు కలుస్తుంది. దాని స్టిక్కుల్లో అరిగే పొటెన్షియోమీటర్లకు బదులు అయస్కాంతపు హాల్ సెన్సర్లు ఉన్నాయి. దాని ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో చెయ్యలేనిది తక్కువ, మెనూలు అర్థం కావడానికి మాత్రం ఓపిక కావాలి. ఒంటరిగా నేర్చుకునేవారికి మొదటిదే తేలిక. కొనేముందు చేతిలో పట్టుకుని చూడాలి. స్టిక్కును బొటనవేలితో నడిపేవారికి చిన్న పెట్టె, రెండు వేళ్లతో పట్టుకునేవారికి పెద్ద పెట్టె సుఖం.

కిలోమీటర్ల దూరం పోతుందన్న ప్రకటనకు విలువ ఇవ్వనక్కర్లేదు. మీటరున్నర రెక్కల విమానం రెండు మూడు వందల మీటర్లు దాటితే ఎటు ఒరిగిందో కంటికి ఆనదు. మన 2021 డ్రోన్ నిబంధనల్లో నమూనా విమానానికి ఇచ్చిన నిర్వచనంలోనే కంటిచూపు మేర అన్న షరతు ఉంది. యాంటెనా కొసను విమానం వైపు గురిపెట్టకూడదు, తరంగాలు కొస నుంచి అతి తక్కువగా, పక్కల నుంచి బలంగా వెలువడతాయి.

కొత్త రేడియో జతకట్టాక శక్తి తగ్గించే రేంజ్ చెక్ వేసి, ముప్పై అడుగులేసి వెనక్కి వెళ్లి రెక్కలు కదులుతున్నాయో లేదో చూడాలి. విమానం వెనక నిలబడి స్టిక్కు కుడికి నెడితే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి. స్విచ్చు వేసేటప్పుడు ముందు రేడియో, తర్వాత విమానం. ఆపేటప్పుడు ముందు విమానం, చివర రేడియో.