రాజమందిరాల నుండి ప్రజామందిరాలుగా: సరూర్‌నగర్, పురానీ హవేలీ, చౌమహల్లా

హైదరాబాదు తూర్పు అంచున ఎల్‌బీ నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగే మెట్రో మార్గంలో తొలి మజిలీ పేరు విక్టోరియా మెమోరియల్. నిత్యం వేలాది ప్రయాణికుల చెవిన పడే ఈ పేరు వెనుక ఒక రాజభవన చరిత్ర ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు చెందిన సరూర్‌నగర్ ప్రాసాదం, 1901లో విక్టోరియా మహారాణి మరణించిన అనంతరం, ఆమె స్మృత్యర్థం అనాథ బాలల నిలయంగా మార్చబడింది. ఆసఫ్‌జాహీల భవనాలలో ప్రజోపయోగానికి అంకితమైన తొలితరం కట్టడాలలో ఇది ఒకటి. ఇదే మార్గంలో పాతబస్తీకి చేరితే, అదే వంశానికి చెందిన మరో రెండు ప్రాసాదాలు మ్యూజియంలుగా సందర్శకులకు స్వాగతం పలుకుతాయి.

పురానీ హవేలీ

మహబూబ్ అలీ ఖాన్ నివసించిన పురానీ హవేలీలో నిజాం మ్యూజియం 2000 సంవత్సరంలో ప్రారంభమైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనా రజతోత్సవాల సందర్భంగా అందిన కానుకలు, జ్ఞాపికలు ఇక్కడి ప్రధాన సేకరణ. ఆరవ నిజాం దుస్తుల కోసం బర్మా టేకుతో రెండు అంతస్తులుగా అమర్చిన, సుమారు 176 అడుగుల పొడవు గల బీరువాల వరుస సందర్శకులను అమితంగా ఆకర్షిస్తుంది. పై అంతస్తుకు చేరుకునేందుకు చేతితో నడిపే లిఫ్టు సైతం ఇక్కడ ఉండడం విశేషం.

చౌమహల్లా

చార్మినార్‌కు నైరుతి దిశలో, లాడ్ బజార్ దాటిన పిమ్మట చౌమహల్లా ప్రాంగణం ఉంది. 1750లో సలాబత్ జంగ్ హయాంలో ఆరంభమైన నిర్మాణం, 1857 నుండి 1869 వరకు పాలించిన ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ల మూలంగా దీనికి ఈ పేరు వచ్చింది. దర్బారు మందిరమైన ఖిల్వత్ ముబారక్‌లో పాలరాతి వేదిక, దానిపై 19 బెల్జియం షాండ్లియర్లు నాటి వైభవానికి సాక్ష్యాలు. 1912 నాటి పసుపు వర్ణపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌తో సహా పాతకాలపు కార్లు కూడా ఇక్కడ ప్రదర్శించబడుతున్నాయి.

ఈ మందిరంలోనే 1967లో ముకర్రం జా ఎనిమిదవ నిజాంగా పట్టాభిషిక్తులయ్యారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన ఆయన భౌతికకాయాన్ని ప్రజల సందర్శనార్థం ఇక్కడే ఉంచారు. అనంతరం మక్కా మసీదులో ఖననం జరిగింది.

పరిరక్షణ పాఠం

ఒకప్పుడు 45 ఎకరాలలో విస్తరించిన చౌమహల్లా ప్రాంగణంలో నేడు మిగిలింది దాదాపు 12 ఎకరాలు మాత్రమే. రాచరికం అంతరించి, నివసించేవారు లేక, నిర్వహణ కొరవడిన భవనాలకు ఎదురయ్యే ముప్పును ఈ లెక్క తెలియజేస్తుంది. మిగిలిన భాగాన్ని యువరాణి ఎస్రా చొరవతో, వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా పర్యవేక్షణలో పునరుద్ధరించి 2005లో ప్రజలకు తెరిచారు. ఈ కృషికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. కూలిపోతున్న కట్టడం కూడా సరైన ఉపయోగం, నిలకడైన నిర్వహణ సమకూరితే నిలబడగలదని ఇది నిరూపించింది.

చట్టపరమైన రక్షణ కూడా అంతే ముఖ్యం. నగరంలోని వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో హుడా జోనింగ్ నిబంధనలలో చేర్చబడిన 13వ నిబంధన 2015లో తొలగించబడింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చౌమహల్లా వలె టికెట్ ఆదాయం, విదేశీ సందర్శకుల రాక లేని సరూర్‌నగర్ వంటి భవనాలకు ఇటువంటి రక్షణ మరింత ఆవశ్యకం. జాతీయ రహదారి, మెట్రో రాకతో భూముల విలువ పెరిగిన ఎల్‌బీ నగర్ పరిసరాలలో పాత కట్టడాలపై ఒత్తిడి సహజంగానే అధికం. అభివృద్ధి ప్రణాళికలు రూపొందించే దశలోనే వీటిని గుర్తించడం మేలు.

సందర్శకులకు సూచనలు

ఎల్‌బీ నగర్ నుండి మియాపూర్ వైపు వెళ్లే మెట్రోలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వద్ద దిగి, అక్కడి నుండి ఆటోలో మొదట పురానీ హవేలీకి, పిదప చార్మినార్ మీదుగా చౌమహల్లాకు చేరుకోవచ్చు. రెండు మ్యూజియంలకూ శుక్రవారం సెలవు. మిగిలిన రోజులలో ఉదయం 10 గంటలకు చౌమహల్లా తెరుచుకుంటుంది. రెండింటినీ తీరికగా చూసేందుకు ఒక పూర్తి రోజు కేటాయించుకోవడం మంచిది. తిరుగు ప్రయాణంలో ఎల్‌బీ నగర్‌కు ముందు వచ్చే విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఆసఫ్‌జాహీల మూడవ ప్రాసాదాన్ని గుర్తుచేస్తుంది. అది మ్యూజియం కాదు, బాలల నిలయం. అందుచేత అక్కడి పిల్లల చదువుకు, ప్రశాంతతకు భంగం కలిగించకుండా రహదారి నుండే చూడడం ఉచితం.