శాసనమునకు శ్రోత యెవఁడు? – మేరీ డుడ్జియాక్ చరిత్రపరిశోధనము

ఒక వాక్యమున కర్థము నిర్ణయించునపుడు శాబ్దికులు పదవ్యుత్పత్తిని మాత్రమే చూచి యూరకుండరు. వక్త యెవఁడు, శ్రోత యెవఁడు, సందర్భ మెట్టిది యని విచారింతురు. ‘సూర్యుఁ డస్తమించెను’ అను వాక్యము పసులకాపరికి మందను మరల్పవలసిన వేళను, వైదికునకు సంధ్యోపాసనసమయమును, వర్తకునకు అంగడి కట్టవలసిన పొద్దును దెలుపునని యాలంకారికు లుదాహరింతురు. న్యాయస్థానముల తీర్పులును వాక్యములే. అయినను వాని చరిత్రను వ్రాయువారు చాలకాలము ఆ దేశపుఁ బౌరు నొక్కనినే శ్రోతగా నెంచుచు వచ్చిరి. అమెరికా సంయుక్త రాష్ట్రముల తీర్పులకు దేశాంతరముల శ్రోతలు గూడఁ గలరనియు, వారు వినుచున్నారను నెఱుక యా రాజ్యమును నడపువారిపైఁ బనిచేసిన దనియు నాధారములతోఁ జూపిన చరిత్రకర్త్రి మేరీ డుడ్జియాక్.

ఈమె 1978లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యాస్థానమునఁ బట్టభద్రురాలై, పిదప యేల్ విశ్వవిద్యాలయమున 1984లో న్యాయశాస్త్రపట్టమును, 1992లో అమెరికా దేశపరిశీలనమను శాఖలోఁ బరిశోధనపట్టమును బడసెను. అయోవా, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములలో న్యాయశాస్త్రాధ్యాపకత్వము నెఱపి, 2012లో అట్లాంటా నగరపు ఎమరీ విశ్వవిద్యాలయమునఁ జేరెను. అమెరికా విదేశసంబంధముల చరిత్రకారుల సంఘమునకు 2017లో నధ్యక్షురా లయ్యెను. న్యాయశాస్త్రమును బోధించు నామెను దౌత్యచరిత్రకారులు తమ సంఘమునకుఁ బెద్దగా నెన్నుకొనుట గమనింపఁదగినది. న్యాయవాది తీర్పును జదువును. చరిత్రకారుఁడు దస్తరములను జదువును. తీర్పునఁ గానరాని హేతువు వేఱొక శాఖవారి దస్తరములో నుండవచ్చునని తోఁచుటకు రెండు విద్యలును గావలయును.

ఈమె ప్రధానగ్రంథము ‘కోల్డ్ వార్ సివిల్ రైట్స్’ 2000వ సంవత్సరమున వెలువడినది. ప్రచ్ఛన్నయుద్ధకాలపుఁ బౌరహక్కులని దాని పేరున కర్థము. గ్రంథారంభమున జిమ్మీ విల్సన్ అను నల్లజాతివాని కథ యున్నది. అలబామా రాష్ట్రమున 1957లో నొక శ్వేతజాతి వృద్ధవితంతువునొద్ద రెండు డాలర్లకైనఁ జాలని సొమ్మును దోఁచెనని యాతనిపై నేరము మోపఁబడెను. ఆ రాష్ట్రశాసనము ప్రకారము దోపిడికి మరణదండనము విధింపవచ్చును. అట్లే విధించిరి. రాష్ట్రపు పై న్యాయస్థానము 1958లో దానిని స్థిరపఱచెను. శాసనదృష్టితోఁ గార్యము ముగిసినట్లే. కాని వార్త సముద్రములు దాఁటిపోయెను. అనేకదేశములందలి అమెరికా దౌత్యాలయములకు విన్నపములును, నిరసనలును వచ్చిపడెను. విదేశాంగమంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ అలబామా గవర్నరునకుఁ దంతి నంపెను. గవర్నరు జేమ్స్ ఫోల్సమ్ మరణదండనమును యావజ్జీవశిక్షగా మార్చెను. ఒక రాష్ట్రమున నడచిన దోపిడివ్యాజ్యముతో విదేశాంగమంత్రికిఁ బని యేమి? డుడ్జియాక్ గ్రంథ మంతయు నీ ప్రశ్నకు సమాధానమే. రెండు డాలర్లు లేని సొమ్మునకు యావజ్జీవశిక్షను దయ యని యెంచవలసివచ్చిన కాల మదియని చదువరులు మఱువరాదు.

నల్లవారిని దెల్లవారిని రైలుబండ్లలో వేఱుచేయుట రాజ్యాంగవిరుద్ధము కాదని 1896లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. వసతులు వేఱైనను సమములైనచోఁ జాలునని యా తీర్పు సిద్ధాంతము. దానినే నమ్ముకొని దక్షిణరాష్ట్రములు బడులను గూడ వేఱుపఱచినవి. ఏఁబదియెనిమిదేండ్లకు, 1954 మే 17వ తేదీని, ‘బ్రౌన్’ వ్యాజ్యమున నా న్యాయస్థానమే బడుల విషయమున నా సిద్ధాంతమును ద్రోసివైచెను. సూత్రము మాఱలేదు. సమరక్షణమును విధించు పదునాలుగవ రాజ్యాంగసవరణము 1868 మొదలు అవే యక్షరములతో నున్నది. మఱి యర్థ మేల మాఱెను? థర్గుడ్ మార్షల్ మున్నగు న్యాయవాదు లనేకవత్సరములు పట్టుదలతో నడపిన వ్యాజ్యముల ఫలమనియు, రెండవ ప్రపంచయుద్ధముచే జనుల మనస్సులు మాఱె ననియు సమాధానములు గలవు. అవి యసత్యములు కావు. కాని చాలవు.

డుడ్జియాక్ 1988లో స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్రపత్రికలోఁ బ్రకటించిన వ్యాసమున మఱియొక హేతువును జూపెను. బ్రౌన్ వ్యాజ్యమునఁ గక్షిదారు గాకున్నను, కేంద్రప్రభుత్వము 1952 డిసెంబరులో న్యాయస్థానమునకొక నివేదనము సమర్పించెను. వర్ణవివక్షచేఁ బరదేశములతోడి నిత్యవ్యవహారమున దమ ప్రభుత్వము తలయెత్తలేకున్నదని విదేశాంగమంత్రి డీన్ ఏచిసన్ వ్రాసిన లేఖ యందుఁ జేర్పఁబడినది. ఆ కాలమున సోవియెట్ ప్రచారకుల కమెరికా వర్ణవివక్షను మించిన యాయుధము లేదు. కల్పింపఁ బనిలేదు, అమెరికా పత్రికలలోని వార్తలను దిరిగి చెప్పినఁ జాలును. తీర్పు వెలువడిన గంటలోపలనే ప్రభుత్వపు ఆకాశవాణి దానిని ముప్పదినాలుగు భాషలలోఁ జాటఁ దొడఁగెను. దేశములోని నల్లబాలురు తెల్లవారి బడిలో నడుగుపెట్టకమున్నే తీర్పు పరదేశములకు నడచిపోయినది.

ఈ పరదేశశ్రోతలలో భారతీయులకు ముఖ్యస్థానము గలదు. న్యాయాధిపతి విలియం డగ్లస్ తన దేశాటనమును గూర్చి 1951లోఁ బ్రకటించిన గ్రంథమున, కొత్తఢిల్లీలోఁ బత్రికలవారు తన్నడిగిన తొలిప్రశ్న నల్లవారిని మూకలు చంపుచుండ నమెరికా యేల సహించుచున్నదని వ్రాసెను. ఈ డగ్లస్ బ్రౌన్ తీర్పు చెప్పిన తొమ్మండ్రలో నొకఁడు. 1951 మొదలు 1953 వఱకు భారతదేశమున రాయబారిగా నున్న చెస్టర్ బౌల్స్‌కును ఈ యనుభవమే కలిగెను. తీర్పు పిమ్మటఁ గూడ, 1955లో, భారతరాయబారి జి. ఎల్. మెహతాను టెక్సాసు రాష్ట్రపు హ్యూస్టన్ విమానాశ్రయపు భోజనశాలలో వేఱుచోటఁ గూర్చుండఁబెట్టిరి. డల్లెస్ క్షమాపణము చెప్పవలసి వచ్చెను. ఆ బల్లయొద్ద దినదినమును వేఱుగాఁ గూర్చున్న యమెరికా పౌరులకు మంత్రి క్షమాపణ మేదియు నందలేదు. డుడ్జియాక్ వాదమునకు బలమును, ఆ రాజ్యతంత్రమునకు లోపమును నిచటనే కలవు.

ఇచట నొక యాక్షేపము పుట్టును. తీర్పునఁ బరదేశముల ప్రసక్తియే లేదు గదా, మంత్రి లేఖ హేతు వనుట యెట్లు? మఱియు నట్లనినచో దెబ్బలు తిని, కొలువులు పోఁగొట్టుకొని, వ్యాజ్యము వేసిన సామాన్యుల పౌరుషము దౌత్యతంత్రమునకుఁ దాకట్టు పడదా? నల్లవారి మేలు తెల్లవారి ప్రయోజనముతోఁ గలిసివచ్చినప్పుడే నెఱవేఱునని న్యాయశాస్త్రవేత్త డెరిక్ బెల్ 1980లో సిద్ధాంతీకరించెను. డుడ్జియాక్ దానికి దస్తరముల సాక్ష్యము చేకూర్చెను గాని యేకహేతువాదమును బట్టుకొనలేదు. ఉద్యమము లేనిదే వార్త లేదు, వార్త లేనిదే పరదేశనింద లేదు, నింద లేనిదే ప్రభుత్వమునకుఁ దొందర లేదు. ఇందు ఉద్యమము ప్రధానకారణము; లోకదృష్టి సహకారి. కుమ్మరి లేక చక్రము తిరుగునా? అయితే తొమ్మండ్ర న్యాయాధిపతుల మనస్సున నేది యెంత పనిచేసిన దను తూకము మాత్రము అనుమానప్రమాణముననే నిలిచియున్నది. డగ్లస్ వ్రాఁత యొక గట్టి లింగమే. ఒక్కని లింగముచేఁ దక్కిన యెనమండ్రను సాధింపరాదు.

సహకారి యైన యా కారణమే పిదపఁ బ్రతిబంధకముగా మాఱిన తీరును డుడ్జియాక్ దాఁచలేదు. దేశమునకుఁ బేరు గావలసినపుడు, పేరు చెఱుచువాఁడు శత్రువగును. గాయకుఁడు పాల్ రోబ్సన్, పండితుఁడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ పరదేశములలో నల్లవారి కష్టములు చెప్పుదురని వారి పాస్‌పోర్టులను బ్రభుత్వ మాపివేసెను. 1957లో లిటిల్ రాక్ నగరమున తొమ్మండ్రు నల్లవిద్యార్థులు బడిలోఁ బ్రవేశించుటకు అధ్యక్షుఁడు ఐసెన్‌హోవర్ సైన్యమును బంపవలసివచ్చెను. ఆ రాత్రి ప్రసంగములో దేశశత్రువులు దీనిని జూచి సంతోషించుచున్నా రని యతఁడు చెప్పుకొనెను. మఱుసటియేట నచటి ఉన్నతపాఠశాలలు మూఁతపడినవి. లోకమున కా మూఁత సైన్యమువలె వింతగాఁ గనఁబడలేదు.

2008లో వెలువడిన గ్రంథమున నీమె థర్గుడ్ మార్షల్‌ను కెన్యా దేశము వఱకు వెంబడించెను. 1960లో లండనునఁ గెన్యా స్వాతంత్ర్యమును గూర్చి సభ జరిగినపుడు మార్షల్ ఆఫ్రికా ప్రతినిధులకుఁ దోడ్పడి హక్కులపట్టికను రచించెను. స్వదేశమున నల్పసంఖ్యాకులకై వాదించిన యతఁడు, అచట శ్వేతులకును, భారతదేశమునుండి పోయి స్థిరపడినవారికిని ఆస్తిరక్షణ సూత్రములు కూర్చెను! సభలు జరుగుచుండఁగనే, ఫిబ్రవరి 1వ తేదీని, స్వదేశమున గ్రీన్స్‌బరో పట్టణపు భోజనపు బల్లలయొద్ద నల్లవిద్యార్థులు కదలక కూర్చుండిరి.

2012లోని ‘వార్ టైమ్’ అను చిన్న గ్రంథము వైయాకరణులకుఁ బ్రియమగును. శాంతికాల ముత్సర్గము, యుద్ధకాల మపవాదము; అపవాదమునఁ గొన్ని హక్కులు తొలఁగినను అది ముగియఁగనే యుత్సర్గము తిరిగివచ్చును అను నమ్మకముపై న్యాయశాస్త్రము నడచుచున్నది. అపవాదము చిన్నదిగా నున్నంతవఱకే యీ యేర్పాటు పొసఁగును. అమెరికా సైనికులకు యుద్ధసేవాపతకము లీయఁదగిన కాలముల పట్టికను ముందుంచుకొని చూచినచో, ఇరువదవ శతాబ్దమున యుద్ధము లేని యేండ్లు మిక్కిలి కొలఁది. 1945లో జర్మనీ లొంగిపోయినది. 1948లో నొక జర్మను దేశీయుని శత్రుపౌరుఁడని దేశమునుండి వెడలఁగొట్టఁబోఁగా, యుద్ధము ముగిసినది గదా యని యతఁడు సర్వోన్నత న్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. ముగిసినదో లేదో నిర్ణయించుట న్యాయస్థానపు పని కాదని యైదుగురు, అతని మొఱ న్యాయమని నలుగురు పలికిరి. అతఁ డోడిపోయెను. అపవాద మెచట నాఁగవలయునో చెప్పు సూత్రమును డుడ్జియాక్ రచింపలేదు. సూత్రము లేదన్న సంగతినే చూపి విడిచిపెట్టెను.