యంత్రము చేతి జల్లెడ

పద్మనాభమునందలి పట్టభద్రుఁడు పూర్వము కొలువు కోరి విశాఖపట్టణమునకేఁగి, ఉపాధి కల్పనా కార్యాలయమునఁ బేరు నమోదు చేయించుకొనెడివాఁడు. బల్లకావలి గుమాస్తా విసుగుకొన్నను మనుష్యుఁడే. మాటకు మాట చెప్పెడివాఁడు. ఇప్పుడు దరఖాస్తు ఇంటినుండియే క్షణములోఁ బోవుచున్నది. ఈ సౌకర్యమును మేము నిందింపము.

కాని పెక్కు సంస్థలు దరఖాస్తులను ముందుగా యంత్రముచే జల్లెడ పట్టించుచున్నవి. ప్రకటనలోని పదములు కానరానిచో యోగ్యుని దరఖాస్తు సయితము మనుష్యుని కంటఁబడకయే పోవచ్చును. కారణమడుగుటకుఁ దలుపు లేదు. యంత్రము నిష్పక్షపాతియందురా? గతకాలపు నియామకములే దానికి గురువులు. అమెజాన్ సంస్థ పరీక్షించి విడిచిన యంత్రము స్త్రీల దరఖాస్తులను తక్కువగా నెంచెనని 2018లో రాయిటర్స్ వెల్లడించెను.

కేవల యంత్రనిర్ణయముపై మనుష్యుని జోక్యమును కోరు హక్కును ఐరోపా సమాఖ్య 2018 నుండి అమలుపఱచుచున్నది. ఇట్టి యంత్రములకు ఏటేట పక్షపాతపరీక్ష జరుపవలెనను శాసనమును న్యూయార్కు నగరము 2023లో అమలులోనికిఁ దెచ్చెను. మన ప్రభుత్వమును అట్టి శాసనము చేయవలెను: యంత్రప్రయోగమును ముందే తెలుపవలెను, తిరస్కారమునకుఁ గారణము చెప్పవలెను, కోరినచో మనుష్యుఁడు పునఃపరిశీలింపవలెను.

1794లో విజయరామరాజు కంపెనీ సేనల నెదిర్చి ప్రాణములర్పించిన నేల పద్మనాభము. అచటి యువకులు నేఁడు కోరునది స్వల్పము: ఒక మనుష్యుని ప్రత్యుత్తరము.