బాలింత కన్నీరు – ఆలకించేవారి బాధ్యత

కాన్పు సుఖంగా జరిగిందని వినగానే మన సంఘాల్లో స్తుతి ప్రార్థన పెట్టుకుంటాం. బిడ్డకు చొక్కాలు, తల్లికి కాయం, పథ్యం అన్నీ అమరుస్తాం. కాని ఆ తల్లి మనస్సు ఎలా ఉన్నదని అడిగేవారు బహు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకమంతటిలో కాన్పయిన స్త్రీలలో నూటికి 13 మంది, మనవంటి దేశాల్లో దాదాపు 20 మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా క్రుంగుదలకు లోనవుతున్నారు.

పురిటి తొలి రోజుల్లో ఊరకే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తీరకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి కునుకు పట్టకపోయినా, చావు తలంపులు వస్తున్నా అది జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో మతి చలించి, లేని మాటలు వినబడతాయి. దాన్ని దయ్యమని దాచిపెట్టక అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ జబ్బులకు మందులు ఉన్నాయి. క్రుంగుదలకు మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. ఆ చికిత్స చేసే కౌన్సిలర్‌కు కొన్ని కట్టుబాట్లున్నాయి. వాటిని మన కుటుంబాలు తెలుసుకొనుట మంచిది.

తల్లి మాట తల్లే చెప్పాలి

మన ఇళ్లలో కోడలి కష్టం అత్తగారు చెబుతారు, భార్య బాధ భర్త చెబుతాడు. మంచి కౌన్సిలర్ పెద్దలను గౌరవంగానే కొంతసేపు బయట కూర్చోమంటారు. అది అవమానం కాదు. మూడోసారి ఆడపిల్ల పుట్టిందని ఎవరు ఎత్తిపొడిచారో, ఎవరు చెయ్యి చేసుకున్నారో వారి ఎదుటే ఆ తల్లి ఎలా చెప్పగలదు?

గుట్టు కాపాడాలి

రోగి సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆజ్ఞాపిస్తున్నది. అయితే తల్లి ప్రాణానికో, బిడ్డ ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కాపాడడానికి అవసరమైనంత వరకు చెప్పవచ్చు. ఈ మినహాయింపు సంగతి కౌన్సిలర్ మొదటి రోజే తల్లికి వివరించాలి. నమ్మించి తరువాత బయటపెట్టడం ద్రోహమవుతుంది.

తన హద్దు తెలియాలి

డాక్టరు ఇచ్చిన మందును మానమని చెప్పే అధికారం కౌన్సిలర్‌కు లేదు, కాపరికీ లేదు. పాలిచ్చే తల్లి వాడదగిన మందులున్నాయి. ఏది తగునో డాక్టరే చెప్పాలి. తన చేతిలో లేని జబ్బును త్వరగా పెద్ద ఆసుపత్రికి పంపడం కూడా నమ్మకమైన సేవే.

బిడ్డను వేరు చేయరాదు

మానసిక వైద్యశాలలో తల్లి చేరినప్పుడు మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా ఆమెకు దూరం చేయకూడదని అదే చట్టం చెబుతున్నది. ప్రమాదం ఉన్నదని వైద్యులు తలస్తేనే తాత్కాలికంగా వేరుచేయాలి. అప్పుడు కూడా తగిన పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూడవచ్చు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తల్లిబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే వార్డు ఉంది. "పిచ్చిదానికి బిడ్డనెందుకిస్తారు" అని పుట్టింటికి తరిమేవారు ఇది గమనించాలి.

సంఘం సంగతి

మన పల్లెల్లో బాలింత తన దుఃఖం ముందుగా చెప్పుకొనేది పాస్టరమ్మగారితోనే, స్త్రీల సమాజపు అక్కతోనే. కనుక ఈ కట్టుబాట్లు మనకూ వర్తిస్తాయి. "ఫలానా కోడలికి మతి బాగులేదట, ప్రార్థించండి" అని శుక్రవారం కూటంలో చెబితే ఆదివారానికి ఊరంతా పాకుతుంది. పేరు చెప్పకపోతే దేవునికి తెలియదా? బాగుపడిన తరువాత కూడా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. చెప్పాలో వద్దో ఆమె ఇష్టం.

షిలోహు మందిరంలో హన్నా పెదవులు కదలడం చూసి, ఆమె త్రాగి ఉన్నదని ఏలీ అనుకొన్నాడు. వినకముందే గద్దించాడు. ఆమె తన మనోవేదన చెప్పిన తరువాత మాత్రం మొండికి పోక, సమాధానముతో పంపివేశాడు. విశ్వాసం చాలదనీ, పాపం వలన వచ్చిందనీ బాలింతను గద్దించేవారు ఏలీ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. ప్రార్థన చేద్దాం, ప్రార్థించి మాత్ర మాన్పించవద్దు. అన్నం వండిపెడదాం, ఒక పూట బిడ్డను ఎత్తుకొని ఆ తల్లిని నిద్రపోనిద్దాం.

సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలియనివారు టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. రాత్రింబగళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి సంఘం మందిరపు గోడమీద వ్రాయించి ఉంచితే, అడగడానికి సిగ్గుపడే తల్లి కూడా చూసి వ్రాసుకొంటుంది.