కొత్తగా చేరిన ఇంజనీరింగ్ సారుకు ఏం కావాలి?

ఏటా వేసవి దాటాక కడప జిల్లా ఇంజనీరింగ్ కళాశాలల్లో రెండు రకాల చేరికలు జరుగుతాయి. మొదటిది ఊరంతటికీ కనిపిస్తుంది. ఈఏపీసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని పిల్లలు వస్తారు. రెండోది ఎవరూ పట్టించుకోరు. ఎంటెక్ పట్టానో, పీహెచ్‌డీ పట్టానో ఫైల్లో పెట్టుకుని విభాగాధిపతి గది బయట కూర్చునే కొత్త ఫ్యాకల్టీ చేరిక అది. ఆ కొత్త సారో, కొత్త మేడమో మొదటి నాలుగైదేళ్లు ఎలా గడుపుతారన్నదాన్ని బట్టే ఆ పిల్లల చదువు ఉంటుంది. కళాశాల భవనం, ప్రవేశద్వారం, బస్సుల రంగు చూసి ఎంచుకునే మనం ఈ సంగతి ఎప్పుడూ అడగం.

ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువు పెరిగింది ఇటీవలే. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2006లో మొదలైంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన వైఎస్ఆర్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో 2008లో ఆర్జీయూకేటీ వచ్చింది, జనం నోట్లో అది ట్రిపుల్ ఐటీ. వీటికి ప్రైవేటు కళాశాలలు తోడు. కొద్ది దశాబ్దాల్లోనే ఇన్ని తరగతి గదులు లేచాయి. ఇటుకతో గది కట్టడానికి ఏడాది చాలు. అందులో నిలబడి థర్మోడైనమిక్స్ చెప్పగల మనిషిని తయారు చేయడానికి పదేళ్లు పడుతుంది.

నియమాల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాలంటే బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలి, వాటిలో ఒకదాంట్లోనైనా ప్రథమ శ్రేణి రావాలి. అసోసియేట్ కావాలంటే పీహెచ్‌డీ, దానితోపాటు ఏళ్ల అనుభవం. ఏడో వేతన సంఘం లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ కొలమానం. ఇవన్నీ కాగితం మీది మాటలు. ప్రైవేటు కళాశాలలో చాలామందికి ఆ జీతం దరిదాపుల్లో కూడా అందదు. ప్రభుత్వ కళాశాలలో ఎక్కువమంది కాంట్రాక్టు, అడ్‌హాక్, గెస్ట్ పేర్లతో ఏడాదికేడాది పొడిగింపు కోసం ఎదురుచూస్తూ పనిచేస్తుంటారు. వారానికి పదహారు గంటల బోధన, మిడ్ పేపర్లు దిద్దడం, ల్యాబ్ రికార్డులు, ఎన్‌బీఏ గుర్తింపు తనిఖీ కోసం కోర్స్ ఫైళ్లు, ప్రవేశాల సమయంలో ఊరూరా ప్రచారం... ఇవన్నీ అయ్యాక ఆలోచించడానికి మిగిలే సమయం ఎంత?

ఇదే వయసులో, ఇదే సీమ నుంచి వెళ్లిన ఒకాయన మరో రకం చోట చేరితే ఏం జరిగిందో చూద్దాం. డబ్బాల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. ఆయనది అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు, పుట్టింది 1937లో. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ ముగించి, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, కొన్నాళ్లు ఐబీఎంలో పనిచేసి, స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ ఏడే అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. 1969లో కార్నెగీ మెలన్‌కు మారారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టగలదా అన్నది ఆయన ఎంచుకున్న ప్రశ్న. అప్పట్లో అది అసాధ్యమని చాలామంది తలపండిన వాళ్లే అనుకునేవారు. ఆయన బృందం నుంచి హియర్‌సే అనే మాట గుర్తింపు వ్యవస్థ వచ్చింది, 1976 నాటికి వెయ్యికి పైగా పదాలను గుర్తించగల హార్పీ వచ్చింది. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన తొలి డైరెక్టరయ్యారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇవాళ మనం ఫోన్‌కు తెలుగులో చెబితే అది టైపు చేసిపెడుతోందంటే, ఆ దారి తొలిచిన వాళ్లలో ఆయన ముందువరుసలో ఉంటారు.

ఆయన తెలివి గురించి చెప్పడానికి నేను ఇదంతా రాయడం లేదు. తెలివి మన దగ్గర కొదవలేదు. అలాంటి చోట్ల కొత్తవారికి దొరికే ఏర్పాటు గురించి చెప్పాలని రాస్తున్నాను.

అమెరికాలోని పరిశోధనా విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు కొత్త అధ్యాపకుణ్ణి తీసుకునే పద్ధతి ఇలా ఉంటుంది. ఖాళీ ఉందని ప్రపంచమంతటికీ తెలిసేలా ప్రకటిస్తారు. దరఖాస్తులో రాబోయే ఐదారేళ్లలో ఏం పరిశోధిస్తావో, ఎలా బోధిస్తావో రాయమంటారు. ఎంపికైన కొద్దిమందిని పిలిపించి ఒకటి రెండు రోజులు ఉంచుకుంటారు. అభ్యర్థి అందరి ముందూ ప్రసంగించాలి, పలువురు ప్రొఫెసర్లతో విడివిడిగా మాట్లాడాలి, కొన్నిచోట్ల విద్యార్థులతో భోజనం కూడా పరీక్షలో భాగమే. చేరాక ప్రయోగశాల పెట్టుకోవడానికి ప్రారంభ నిధి ఇస్తారు. మొదటి ఏడాది బోధన భారం తగ్గిస్తారు, చాలాచోట్ల సెమిస్టర్‌కు ఒకటి, మహా అయితే రెండు కోర్సులు. మూడో ఏట ఒకసారి పని చూసి సలహా చెబుతారు. ఆరో ఏట అసలు తీర్పు వస్తుంది, దాన్నే టెన్యూర్ అంటారు. బయటి విశ్వవిద్యాలయాల నిపుణుల అభిప్రాయాలు తెప్పించుకుని శాశ్వతం చేస్తారు, లేదంటే ఇంటికి పంపిస్తారు. పద్ధతి కఠినమే. అయినా ఆ ఆరేళ్లూ కుర్చీ కింద నేల కదలదు. గడువు ముందే తెలుసు, కొలత ముందే తెలుసు.

పులివెందుల చీనీ రైతు మొక్క నాటాక నాలుగైదేళ్లు కాపు అడగడు. నీళ్లు పెడతాడు, కాపలా కాస్తాడు. కొత్త అధ్యాపకుడి విషయంలో ఆ ఓపిక మనకు లేదు.

మన వ్యవస్థకు ఆ ఓపిక లేకే మన అధ్యాపకులు చాలామంది వేరే దారి చూసుకున్నారు. అమెరికా అందరికీ అందదు. 2000 తర్వాత ఇథియోపియా డజన్ల కొద్దీ కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచినప్పుడు, వాటిలో పాఠం చెప్పడానికి భారతీయులు పెద్ద సంఖ్యలో వెళ్లారు, వారిలో తెలుగు ఇంజనీరింగ్ లెక్చరర్లు ఎందరో. భాష రాని ఊళ్లలో, ఒప్పందం మీద పనిచేసి, ఇంటి అప్పులు తీర్చుకున్నారు. వాళ్లను చూస్తే నాకు గౌరవమే కలుగుతుంది. ఒక దేశపు ఇంజనీర్ల కొత్త తరానికి అక్షరాలు దిద్దించిన వాళ్లు వాళ్లు. మన దగ్గర నిలకడగా ఉండనిస్తే ఆ పని ఇక్కడా చేసేవారు కదా అన్న బాధ మాత్రం పోదు.

రాజ్ రెడ్డి కథకు మన జిల్లాలో ఒక కొనసాగింపు ఉంది. ఆర్జీయూకేటీకి తొలి ఛాన్సలర్ ఆయనే. పదో తరగతి అయిన పల్లె పిల్లలను తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించాలన్నది ఆలోచన. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, చేస్తూ నేర్చుకునే పద్ధతి తేవాలనుకున్నారు. బోధించడానికి మెంటార్ల పేరుతో యువకులను తీసుకున్నారు. ఆలోచన ఎంతో ఎత్తయినది, పిల్లలు దాన్ని నిలబెట్టారు కూడా. అయితే దాన్ని మోయాల్సిన అధ్యాపకుల ఉద్యోగాలు మాత్రం తాత్కాలికంగానే సాగాయి. 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టులకు ప్రకటనలు వచ్చాయి, అవి కోర్టు వివాదాల్లో చిక్కుకుని ఆగిపోయాయి.

ఇక్కడ చేరిన కొత్త సారుకు ఒక అదృష్టం మాత్రం ఉంది. పరిశోధనకు ప్రశ్న వెతుక్కుంటూ ఎక్కడికో పోనవసరం లేదు. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఖనిజాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది, ఆమ్లం పోస్తే యురేనియం కంటే ముందు రాయే దాన్ని తాగేస్తుంది. అందుకే ఇక్కడ సోడా లాంటి క్షార ద్రావణంతో, వేడి పెట్టి, ఒత్తిడి మీద యురేనియం తీస్తారు. మన దేశంలో ఆ పద్ధతితో పెద్ద కర్మాగారం పెట్టింది ఇక్కడే. శుద్ధి అయ్యాక మిగిలే వ్యర్థం చేరే చెరువు వల్ల బోరు నీళ్లు చెడుతున్నాయని కె.కె. కొట్టాల, కనంపల్లి రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. భూగర్భజలం ఎటు పారుతోంది, లవణాలు ఎంత దూరం పోతున్నాయి అన్నది పదేళ్లు విడవకుండా కొలవాల్సిన పని. ఏడాది కాంట్రాక్టు మీదున్న మనిషి దాన్ని ఎలా ఎత్తుకుంటాడు?

ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఆరు యూనిట్లతో 1,650 మెగావాట్లది. మన బొగ్గులో మూడోవంతుకు అటూఇటుగా బూడిదే. ఆ బూడిద పక్కనున్న ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు. మైలవరం మండలంలో సౌరఫలకాలు పరుచుకుని ఉన్నాయి. వాటి మీద పడే దుమ్మును నీళ్లు దుబారా చేయకుండా తుడవడం ఎలాగన్నది కరువు సీమకు తగిన ప్రశ్న. పెన్నా మీద గండికోట జలాశయం 26.85 టీఎంసీలది, దానికింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. పులివెందుల అరటి దూరదేశాలకు పోతోంది, దారిలో కాయ పండిపోకుండా చూడటం మెకానికల్ వాళ్ల పనే. జమ్మలమడుగు ఉక్కు కర్మాగారానికైతే 2007 నుంచి పలుమార్లు శంకుస్థాపనలు జరిగాయి. ఆ ఉక్కు ఎప్పుడు కరుగుతుందో గాని, ఇడుపులపాయలో మెటలర్జీ చదివే పిల్లలు మాత్రం ఏటా పట్టా పుచ్చుకుని బయటికొస్తున్నారు.

ఈ ప్రశ్నలు ఎత్తుకునే అధ్యాపకులు నిలవాలంటే మన వంతూ కొంత ఉంది. తల్లిదండ్రులు కౌన్సెలింగ్‌కు ముందు కళాశాల చూడటానికి పోతారు. ప్లేస్‌మెంట్ల బోర్డు చూపిస్తారు, హాస్టల్ చూపిస్తారు. అక్కడే రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఈ బ్రాంచిలో గత మూడేళ్లుగా ఇక్కడే ఉన్న అధ్యాపకులు ఎందరు? కొత్తగా చేరిన వాళ్లకు మొదటి ఏడాది వారానికి ఎన్ని క్లాసులు ఇచ్చారు? జవాబు కోసం రిజిస్టరు తీయమనండి. విభాగాధిపతి సంతోషంగా తీసి చూపిస్తే, అక్కడ బిడ్డను చేర్చడానికి అదొక మంచి కారణం.