ముహూర్తం వేళ బొమ్మ ఆగకుండా..!

నరసాపురం: పెళ్లిపీటలపై వధూవరులు. గల్ఫ్‌లో ఉన్న మేనమామ సెల్‌ఫోన్‌లో వేడుక చూస్తున్నారు. సరిగ్గా మాంగల్యధారణ సమయానికి బొమ్మ నిలిచిపోయింది. మళ్లీ కదిలేసరికి తలంబ్రాలు పూర్తయ్యాయి. 2020లో కరోనా ఆంక్షల నడుమ పెళ్లిళ్ల ప్రత్యక్ష ప్రసారం ఊరూరా వాడుకలోకి వచ్చినా, ఈ ఇబ్బంది మాత్రం తప్పడం లేదు. చాలా సందర్భాల్లో లోపం కెమెరాది కాదు, ఎన్‌కోడర్‌లో ఎంచుకున్న అంకెలది.

ఎందుకు ఆగుతుంది?

1280×720 చుక్కల బొమ్మలను సెకనుకు 25 చొప్పున ఉన్నవి ఉన్నట్లు పంపాలంటే 550 మెగాబిట్లకు పైగా కావాలి. ఎన్‌కోడర్ దీనిని రెండు, మూడు మెగాబిట్లకు కుదిస్తుంది. ఆ పరిమాణమే బిట్‌రేట్. వశిష్ఠ గోదావరి దాటించే పంటు మోయగలిగిన దానికంటే ఎక్కువ వాహనాలు వస్తే రేవులోనే నిలిచిపోతాయి. బిట్‌రేట్ అప్‌లోడ్ వేగాన్ని మించినా అంతే. డౌన్‌లోడ్ వేగం ఘనంగా ఉందని మురిసిపోరాదు. ప్రసారానికి అప్‌లోడే ప్రధానం.

ఎంత పెట్టాలి?

* పలుమార్లు పరీక్షించి, వచ్చిన అతి తక్కువ అప్‌లోడ్ వేగంలో సగానికి మించకుండా బిట్‌రేట్ ఉంచాలి. వేగం 5 మెగాబిట్లకు పైగా ఉంటే 720పీ నాణ్యతకు 2,500 కేబీపీఎస్ సరిపోతుంది. 2 మెగాబిట్లే వస్తే 480పీకి దిగి, 800తో సరిపెట్టుకోవడం మేలు.
* బిట్‌రేట్ హెచ్చుతగ్గులు లేకుండా స్థిరంగా ఉండేలా సీబీఆర్ ఎంచుకోవాలి.
* పూర్తి బొమ్మను కీఫ్రేమ్ అంటారు. వాటి నడుమ మార్పులు మాత్రమే వెళతాయి. దీని వ్యవధి 2 సెకన్లు ఉండాలి. 4 సెకన్లు మించరాదన్నది యూట్యూబ్ సూచన.
* పాత ఫోన్లలోనూ కనిపించాలంటే హెచ్.264 విధానమే భద్రం.
* మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 ఉంచితే దీపాల మినుకు కనిపించదు.
* శబ్దానికి 128 కేబీపీఎస్ చాలు. బొమ్మ కాస్త మసకబారినా సర్దుకుంటారు గానీ, మంత్రం తెగితే సహించరు.

తీర్థం రోజు లెక్క వేరు

భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం వంటి సందర్భాల్లో వేలాది ఫోన్లు ఒకే టవర్‌పై ఆధారపడతాయి. ముందురోజు కొలిచిన వేగం ఆనాడు అక్కరకు రాదు. జనం చేరాకే పరీక్షించాలి. వీలైనచోట తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌నే వాడాలి. 2,500 కేబీపీఎస్‌తో గంట ప్రసారానికి సుమారు 1.2 జీబీ డేటా ఖర్చవుతుంది కనుక, ముందే సరిచూసుకోవాలి.

ప్రసారం ఎలా సాగినా, కెమెరా కార్డులో రికార్డింగ్ ఆపరాదు. తెగిన ప్రసారాన్ని మరునాడు చూపించవచ్చు గానీ, మూడుముళ్లు మళ్లీ వేయించలేం కదా!