ప్రభుత్వ ఆఫీసునే ఇంటిపేరు చేసుకున్న నటుడు: కోజి యాకుషో

ఈరోజు ఎపిసోడ్ ఒక జపాన్ నటుడి గురించి. 'పర్ఫెక్ట్ డేస్' చూసినవాళ్ళకి ఆయన ముఖం గుర్తుండే ఉంటుంది. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే పెద్దాయన, పొద్దున్నే తలుపు తీసి ఆకాశం వైపు చూసి నవ్వుతాడు కదా, ఆయనే కోజి యాకుషో. చాలామంది ఆయన్ని ఆ ఒక్క సినిమాతో ఆపేస్తున్నారు. వెనక నలభై ఏళ్ళ కెరీర్ ఉంది, అందులో టీవీ కూడా ఉంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు పేరు సంగతి చెప్పాలి. ఆయన అసలు పేరు కోజి హషిమొతో. 1956 జనవరి 1న నాగసాకి ప్రాంతంలోని ఇసహాయాలో పుట్టారు. చదువు అయ్యాక టోక్యో వచ్చి చియొదా వార్డు ఆఫీసులో ఉద్యోగంలో చేరారు. మన లెక్కలో మున్సిపల్ ఆఫీసు ఉద్యోగం, అంటే గ్యారంటీ జీతం. అలాంటి టైమ్‌లో ఒకరోజు గోర్కీ రాసిన 'లోయర్ డెప్త్స్' నాటకం చూశారు. అందులో తత్సుయా నకదాయ్ నటించారు. కురొసావా 'కగెముషా', 'రాన్' సినిమాల హీరో అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆ నాటకం ఈయన్ని పట్టేసింది. నకదాయ్ నడిపే యాక్టింగ్ స్కూల్‌కి అప్లై చేశారు, సీటు వచ్చింది, ఉద్యోగం వదిలేశారు. ఆ స్కూల్ పేరు ముమెయ్‌జుకు, అంటే పేరు లేనివాళ్ళ బడి అన్నమాట.

ఆ బడిలోనే ఆయనకి పేరు దొరికింది. 'యాకుషో' అంటే జపనీస్‌లో ప్రభుత్వ ఆఫీసు. ఆఫీసు నుంచి వచ్చాడు కాబట్టి గురువుగారు ఆఫీసు అనే పేరే పెట్టేశారు! ఇందులో ఇంకో చమత్కారం కూడా ఉంది. ఆ అక్షరాలనే ఇంకోలా చదివితే 'పాత్ర' అనే అర్థం వస్తుంది. పాత్రల పరిధి పెరగాలి అనే దీవెన కూడా అందులో ఉందన్నమాట. మన ఎన్టీఆర్ గారు సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగాన్ని మూడు వారాలకే వదిలేసి మద్రాసు వెళ్ళారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన పేరు చివర 'సబ్ రిజిస్ట్రార్' అని తగిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలాంటిదే ఇది. ఉద్యోగం మానేస్తున్నా అని ఇంట్లో చెప్పడం ఎలా ఉంటుందో నాలాంటి బీటెక్ బ్యాచ్‌కి వేరే చెప్పక్కర్లేదు. ఈయన మాత్రం వదిలేసిన ఉద్యోగాన్ని జీవితాంతం పేరులో మోస్తున్నారు.

ఫేమ్ తెచ్చింది సినిమా కాదు, టీవీ. ఎన్‌హెచ్‌కే ఛానల్లో 'తైగా డ్రామా' అని ఒకటి వస్తుంది. చరిత్ర కథ, ప్రతి ఆదివారం, ఏడాది పొడుగునా. మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఆదివారం పొద్దున రామాయణ్ ఎలా నడిచిందో, వాళ్ళకి ఇది ఏటా అలా నడుస్తుంది. 1983లో 'తొకుగావా ఇయెయాసు'లో ఈయన ఒడా నొబునాగగా చేశారు. జపాన్ చరిత్రలోనే అందరూ భయపడే యుద్ధ నాయకుడు నొబునాగ. దాంతో దేశమంతా తెలిసిపోయారు. తర్వాత అదే ఛానల్లో మియామొతో ముసాషి. ఇంకేముంది, కత్తి పట్టుకునే హీరోగా సెటిల్ అయిపోవచ్చు. 1985లో జూజో ఇతామి తీసిన 'తంపొపో'లో తెల్ల సూట్ వేసుకున్న గ్యాంగ్‌స్టర్‌గా కూడా స్టైల్‌గానే కనిపిస్తారు. అది రామెన్ నూడుల్స్ మీద తీసిన సినిమా, ఖాళీ కడుపుతో చూడొద్దు.

నా ఉద్దేశంలో అసలు యాకుషో బయటికి వచ్చింది 1996లో. మసయుకి సువో తీసిన 'షల్ వి డాన్స్'. ఇందులో కత్తీ లేదు, తెల్ల సూటూ లేదు. అకౌంట్స్‌లో పనిచేసే సుగియామా అనే ఉద్యోగి, ఇంటి లోన్, భార్య, కూతురు. రోజూ ట్రైన్‌లో ఇంటికి వెళ్తూ ఒక డాన్స్ స్కూల్ కిటికీలో నిలబడి ఉన్న అమ్మాయిని చూస్తాడు. ఇంట్లో చెప్పకుండా క్లాసులో చేరతాడు. ఆఫీసులో కూర్చుని టేబుల్ కింద కాళ్ళతో స్టెప్స్ ప్రాక్టీస్ చేసే సీన్ ఉంటుంది. పైన ముఖం ఫైల్స్ చూస్తున్న ఉద్యోగిది, కింద కాళ్ళు వేరే మనిషివి. క్యూబికల్‌లో కూర్చున్న ఎవరికైనా ఆ సీన్ గుచ్చుకుంటుంది. 2004లో హాలీవుడ్ రిచర్డ్ గేర్‌తో రీమేక్ చేసింది. అది చూసినవాళ్ళు ఒరిజినల్ కూడా చూడండి, ఆ సిగ్గు, ఆ భయం రీమేక్‌లో లేవు. జపాన్‌లో పెళ్ళైన మగాడు డాన్స్ నేర్చుకోవడం అప్పట్లో చెప్పుకోలేని విషయం. ఆ బరువంతా యాకుషో భుజాల్లో కనిపిస్తుంది.

తర్వాతి ఏడాది, 1997, ఇంకా విచిత్రం. ఒకే ఏడాదిలో మూడు సినిమాలు. షోహే ఇమామురా తీసిన 'ది ఈల్'లో భార్యని చంపి జైలుకి వెళ్ళొచ్చి, ఒక చిన్న ఊళ్ళో క్షౌరశాల పెట్టుకుని, పెంచుకుంటున్న ఈల్ చేపతో మాత్రమే మనసు విప్పి మాట్లాడే మనిషి. ఆ సినిమాకి కాన్స్‌లో పామ్ డోర్ వచ్చింది, కియరొస్తమి 'టేస్ట్ ఆఫ్ చెర్రీ'తో కలిపి. 'లాస్ట్ పారడైజ్'లో పెళ్ళైన స్త్రీతో ప్రేమలో పడి చావు దాకా వెళ్ళే మధ్యవయసు ఉద్యోగి, అది జపాన్‌లో పెద్ద హిట్. మూడోది కియోషి కురొసావా తీసిన 'క్యూర్'. (అకీరా కురొసావాకి బంధువు కాదు, కామెంట్స్‌లో అడిగేలోపే చెప్తున్నా.) అందులో డిటెక్టివ్. ఇంట్లో భార్యకి మానసిక అనారోగ్యం, బయట అర్థంకాని హత్యలు. ముగ్గురూ బయటికి మామూలు మనుషులే. నొబునాగలాంటివాడిని చూస్తే ఎవరైనా భయపడతారు. వీళ్ళని ట్రైన్‌లో పక్కన కూర్చున్నా మనం గమనించం. ఆయన కెరీర్‌లో గొప్ప పాత్రలన్నీ ఇలాంటివే అని నాకు అనిపిస్తుంది.

2000లో వచ్చిన 'యురేకా' మూడున్నర గంటలు దాటుతుంది. బస్ హైజాక్ నుంచి బతికి బయటపడిన డ్రైవర్ పాత్ర. ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. హాలీవుడ్ వైపు 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా', 'బేబెల్' చేశారు కానీ అక్కడ సెటిల్ అవలేదు. 2020 నాటి 'అండర్ ద ఓపెన్ స్కై' మాత్రం వదలొద్దు. పదమూడేళ్ళ జైలు తర్వాత బయటికొచ్చిన మాజీ యకూజాగా, బతకడానికి ప్రభుత్వ సాయం అడగాల్సిన పరిస్థితి. ఒకప్పుడు వార్డు ఆఫీసులో కౌంటర్‌కి ఇటువైపు ఉద్యోగం చేసినాయన, ఇప్పుడు అటువైపు మనిషిని నటిస్తున్నారు.

ఇక 2023. విమ్ వెండర్స్ 'పర్ఫెక్ట్ డేస్'తో 67 ఏళ్ళ వయసులో కాన్స్ ఉత్తమ నటుడు. జపాన్ నుంచి ఆ అవార్డు రెండోసారి. మొదటిది 2004లో 'నోబడీ నోస్' సినిమాకి యుయా యాగిరా అనే 14 ఏళ్ళ అబ్బాయికి వచ్చింది. హిరయామా పాత్రకి మాటలు చాలా తక్కువ. కమోడ్ అడుగున కంటికి కనపడని చోటుని చిన్న అద్దం పెట్టి చూసుకుని మరీ కడుగుతాడు. ఒక సీన్‌లో అతని చెల్లెలు డ్రైవర్ ఉన్న కారులో వచ్చి, నిజంగానే టాయిలెట్లు కడుగుతున్నావా అని అడుగుతుంది. అతను గొడవపడడు, సమర్థించుకోడు, ఆమెని దగ్గరికి తీసుకుంటాడు. ఆమె వెళ్ళాక ఏడుస్తాడు. వెనక ఏం జరిగిందో సినిమా చెప్పదు, ఆ ముఖం చూస్తే మనకి సగం తెలిసిపోతుంది.

ఈ సినిమా మీద నాకు ఒక కంప్లైంట్ ఉంది. ఆ టాయిలెట్లు పేరున్న ఆర్కిటెక్ట్‌లు డిజైన్ చేసినవి, తెరమీద అసలు మురికే కనపడదు. మన దగ్గర ఆ పని ఎవరితో చేయిస్తున్నామో, ఏ కులాల మీద పడేస్తున్నామో తెలిసినవాళ్ళకి ఈ ప్రశాంతత కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా నేను సినిమాని నమ్మానంటే, అది యాకుషో ఆ బ్రష్ పట్టుకున్న తీరు వల్లే.

అదే ఏడాది టీవీలో 'వివాంట్' అనే భారీ థ్రిల్లర్ సీరియల్‌లో, మంగోలియాలో షూట్ చేసిన కథలో, ఒక రహస్య సంస్థ నాయకుడిగా కూడా కనిపించారు. అంటే కాన్స్ అవార్డు, ఆదివారం రాత్రి సీరియల్, రెండూ ఒకే ఏడాది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఇంట్లోవాళ్ళతో అయితే 'షల్ వి డాన్స్'. ఒక్కరే అయితే 'పర్ఫెక్ట్ డేస్', తర్వాత 'అండర్ ద ఓపెన్ స్కై'. 'క్యూర్' మాత్రం రాత్రి పడుకునే ముందు పెట్టకండి, చివర్లో వచ్చే రెస్టారెంట్ సీన్ అర్థం చేసుకోవడానికి మళ్ళీ వెనక్కి తిప్పుతారు, తెల్లారిపోతుంది.